లింగమ్మ రుద్దని కాలు

మిర్యాలగూడలో లింగమ్మ చేతికి పేరుంది. పేరంటే పేపర్లో పడే పేరు కాదు, బాలింతల మంచాల దగ్గర తిరిగే పేరు. నూనె గిన్నె కింద పెట్టి, కొంగు నడుముకు దోపి, వీపు మీద ఒక్కసారి అరచెయ్యి ఆనించిందంటే ఎక్కడ నొప్పో ఆ మనిషి నోటితో చెప్పక్కర్లేదు. మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల భార్యలకు రుద్దింది. మిల్లు ఓనర్ల కోడళ్లకూ రుద్దింది. ఒళ్లు ఎవరిదైనా ఒళ్లే. తేడా ఒక్కటే, హమాలీ ఇంట్లో ఆమెకు పీట వేస్తారు, ఓనరు ఇంట్లో వెనక గుమ్మం చూపిస్తారు.

ఆ పేరు పోతే లింగమ్మకు ఇంకేమీ లేదు. మొగుడు పోయాడు. గొర్లు ఎప్పుడో పోయాయి. గరిడేపల్లి విడిచి వచ్చి తొమ్మిదేళ్లు, రైలుకట్ట పక్కన ఒక రేకుల గదిలో ఒక్కతే ఉంటోంది. ఎందుకొచ్చావని అడిగితే "బతుకుదెరువుకు" అనేది. అది అబద్ధం. నిజం ఎవరికీ చెప్పలేదు.

రెండువేల పదమూడు ఫిబ్రవరిలో ఒక మిల్లు ఓనరు ఇంటి నుంచి పిలుపొచ్చింది. వెనక గుమ్మంలో ఆ ఇంటి పెద్దావిడ అనసూయమ్మ నిలబడి ఉంది.

"మా కోడలికి హైదరాబాద్‌ల గర్భసంచిల గడ్డ తీసిండ్రు. ఇగ పిల్లలైతరని డాక్టర్లు చెప్పిండ్రు. బాలింతకు చేసినట్టే చెయ్యాలె నువ్వు. ఒళ్లంత మాలిష్ చెయ్, పొట్ట బలంగ రుద్ది గుడ్డ బిగించి కట్టు. నలభై దినాలు మంచం దిగనియ్య నేను."

"ఆపరేషనై ఎన్ని దినాలైందమ్మా?"

"నాలుగు. గన్ని ప్రశ్నలెందుకు నీకు? పా లోపలికి."

లోపల కిటికీలు మూసి ఉన్నాయి. మంచం మీద కోడలు ప్రవళిక. ముప్ఫై దాటని పిల్ల, కోదాడ ఆడపడుచు, పెళ్లయి ఆరేళ్లు. భారీ మనిషి. తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టి, గడ్డం దాకా దుప్పటి కప్పారు. చెమట కారిపోతోంది.

లింగమ్మ తలుపు దగ్గరికి వేసి దుప్పటి తీసింది. చీర పక్కకు జరిపింది. బొడ్డుకు పైన అక్కడొకటి ఇక్కడొకటి అయిదు చిన్న గాట్లు, చింతగింజంత. గర్భసంచి ఉండేది బొడ్డు కింద. ఇరవై ఏళ్లుగా ఆడవాళ్ల పొట్టలు చూస్తున్న మనిషికి ఈ మాత్రం తెలియదా?

"పొట్ట రుద్దుమన్నది మీ అత్త," అంది లింగమ్మ.

ప్రవళిక రెండు చేతులూ పొట్ట మీద అడ్డం పెట్టుకుంది. "వద్దు లింగమ్మా. లోపల కూడా కుట్లున్నాయి. నీకు దణ్ణం పెడతాను."

"రుద్ద. భయపడకు. యాడ నొప్పి?"

"భుజం. కోసింది పొట్టలో, పీకేది భుజంలో. రాత్రంతా నిద్ర లేదు."

"పొట్టల గాలి కొట్టి చేస్తరు గీ ఆపరేషన్లు. గా గాలి పైకెక్కి భుజాన గూసుంటది. నీ తీర్గనే మస్తుమంది చెప్పిండ్రు. పక్కకు వొరుగు."

పొట్ట జోలికి పోలేదు. మెడ కింద నుంచి మొదలుపెట్టి భుజం గూడు చుట్టూ బొటనవేళ్లతో తిప్పుతూ, వెన్ను పక్కన గట్టిపడిన కండను మెల్లమెల్లగా విడదీస్తూ, అరికాళ్ల దాకా వచ్చింది. వేడి నువ్వుల నూనె. నొక్కినచోట చెయ్యి తీయకుండా ఆగి, ఒళ్లు తనంతట తాను వదిలేదాకా చూసి, అప్పుడు ముందుకు జరగడం లింగమ్మ పద్ధతి. అరగంటకు ప్రవళిక పెద్దగా త్రేన్చింది. సిగ్గుపడింది. మరికాసేపటికి నోరు తెరుచుకుని నిద్రపోయింది. నాలుగు రోజుల్లో అదే మొదటి నిద్ర.

మూడో రోజు, లింగమ్మ చేతులు ఆమె వీపు మీద ఉండగా, ప్రవళిక దిండులోకి ముఖం పెట్టి ఏడ్చింది.

"నొచ్చిందా బిడ్డా?"

"లేదు. నన్నెవరూ ఇట్లా ముట్టుకోలేదు లింగమ్మా. ముట్టుకున్నవాళ్లంతా తూకం వేసినట్టే ముట్టుకున్నారు."

అప్పుడు చెప్పింది. నూట ఇరవై రెండు కిలోలు. ఆ ఒంటితో పిల్లలు పుట్టడం కష్టమని, బరువు తగ్గమని హైదరాబాదులో డాక్టర్లు చెప్పారు. ఎంత నోరు కట్టుకున్నా తగ్గలేదు. చివరికి పొట్ట సంచి కోసి, అరటికాయంత మిగిల్చి కుట్టేశారు.

"మరి దాసిపెట్టుడెందుకు?"

"తిండి ఆపుకోలేక పొట్ట కోయించుకుందని ఊరు నవ్వుతుందట. గర్భసంచిలో గడ్డ అంటే ఎవరూ నవ్వరు కదా. పిల్లలు కాకపోవడానికి అదే కారణం అని చెప్పుకోవచ్చు కూడా. అత్తయ్య దేవుడి పటం మీద చెయ్యి వేయించింది. నువ్వు కూడా ఎవరికీ చెప్పొద్దు."

"నాకు సెప్పినోళ్లు మస్తుమంది ఉన్నరు, నా కాడినుంచి ఇన్నోళ్లు ఎవ్వలు లేరు," అంది లింగమ్మ.

ఈ ఊళ్లో మగవాడి వీపు మీద డెబ్భై అయిదు కిలోల బస్తా వేస్తే ఎవరికీ పట్టదు. ఆడదాని ఒంటి మీద పది కిలోలు పెరిగితే మాత్రం ఊరంతా కాటా పట్టుకుని నిలబడుతుంది. పెళ్లిళ్లలో ప్రవళిక భోజనానికి కూర్చుంటే వెనక నుంచి "లోడు దిగింది" అనేవాళ్లు. అన్నవాళ్లలో ఆమె మొగుడు నగేష్ స్నేహితులూ ఉన్నారు. నగేష్ కూడా నవ్వేవాడు.

తలగడ కింద నుంచి హాస్పిటల్ కాగితం తీసి ప్రవళిక చదివి చెప్పింది. గంటకోసారి లేచి నడవాలి. మంచినీళ్లు గుక్క గుక్కగా తాగుతూ ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా రెండు వారాలు రోజూ ఒక ఇంజెక్షన్.

"మరి సూది ఎవలిస్తున్నరు?"

"ఎవరూ ఇవ్వట్లేదు. ఆర్ఎంపీని పిలిస్తే కాగితం అడుగుతాడు, అడిగితే తెలిసిపోతుంది. హాస్పిటల్లో ఇచ్చినవే."

"మీ ఆయన?"

"వాళ్లమ్మ ఎట్లా అంటే అట్లా."

లింగమ్మకు సంగతి అర్థమైంది. గర్భసంచి అని అబద్ధం చెప్పారు. గర్భసంచికి ఆపరేషన్ అయిన మనిషిని బాలింతలా పడుకోబెట్టడం ఆచారం. కోసిన పొట్టకేమో నడక కావాలి. అబద్ధాన్ని నిలబెట్టడానికి మనిషిని పడుకోబెట్టారు.

ఆ రోజే అనసూయమ్మను అడిగింది. "అమ్మా, కోసిన ఒళ్లు జర కదిలితెనే మంచిగుంటది. రెండు పూటలు తిప్పుదాం."

"ఓహో, డాక్టరమ్మవైనవా? సుట్టాలు వచ్చేటాళ్లకు కోడలు ఇంట్ల తిరుగుతుంటె ఏమంటరు? గడ్డ లేదు గిడ్డ లేదు, వట్టి నాటకమంటరు. రుద్దనీకి వచ్చినవ్, రుద్దు."

లింగమ్మ రుద్దింది. కానీ రుద్దేముందు తలుపు గడియ వేసేది. ప్రవళిక చెయ్యి తన భుజం మీద వేయించుకుని గోడ నుంచి గోడకు నడిపించేది. ఏడు అడుగులు అటు, ఏడు ఇటు. చెవుల్లో దూది తీసేసేది, కిటికీ ఒక రెక్క తెరిచేది. నడిచాక మాలిష్. కండ పట్టేయడం తగ్గింది. పాదాల నీరు దిగింది. ఆపరేషన్ నాటి నుంచి కాని విరేచనం అయింది. ముఖంలో కొంచెం మనిషి కళ వచ్చింది.

"నా బరువు మోసి మోసి నీ భుజం ఊడిపోతుంది లింగమ్మా."

"నా భుజం గొర్లకాడి భుజం బిడ్డా. సచ్చేటి పొట్టేలును మీదేసుకొని నాలుగు కోసులు నడిసిన. నువ్వు నడిసేటి పొట్టేలువి, నాకేం కష్టం?"

ప్రవళిక నవ్వబోయి పొట్ట పట్టుకుంది. "నవ్వించకు, కుట్లు లాగుతాయి."

కానీ లింగమ్మ వచ్చేది రోజుకు ఒక్క పూట. మిగిలిన ఇరవై రెండు గంటలు మంచమే. తిరుమలగిరి నుంచి చుట్టాలొచ్చారు. మేనత్త ఒకామె వెల్లుల్లి కారం కలిపిన అన్నం ముద్ద చేసి బలవంతంగా నోట్లో పెట్టింది. "గర్భసంచికి మంచిదే, తినవే!" ప్రవళిక మింగింది. పావుగంట కక్కింది. "వేవిళ్లు ఇప్పుడే మొదలైనయా?" అని చుట్టాలు నవ్వారు. అనసూయమ్మ కూడా నవ్వింది. ఆ రోజంతా ప్రవళిక గొంతులోకి నీళ్లు దిగలేదు.

ఆపరేషన్ అయిన పదమూడో రోజు పొద్దున లింగమ్మ వచ్చేసరికి హాలు నిండా మనుషులు. వెనక నుంచి గదిలోకి పోయింది. ఆ రోజు ప్రవళిక లేవలేదు.

"నడక వద్దు ఈ రోజు. ఎడమ కాలు రాత్రి నుంచి గుంజుతోంది. నరం పట్టింది. గట్టిగా రుద్దు, పోతుంది."

లింగమ్మ నూనె చేతులకు రాసుకుని ఎడమ పిక్క మీద అరచెయ్యి పెట్టింది.

పిక్క కాలుతోంది. గట్టిగా, నున్నగా, మెరుస్తోంది. కుడి పిక్కను పట్టుకు చూసింది. చల్లగా, మెత్తగా ఉంది. మళ్లీ ఎడమ. ఒక కాలు ఇంకో కాలుకు ఒకటిన్నర అంత ఉంది.

లింగమ్మ చెయ్యి తీసేసింది. నిప్పు మీద నుంచి తీసినట్టు తీసేసింది.

"ఏమైంది? రుద్దు."

"రుద్ద. ఈ కాలు కదిలియ్యకు. మీ ఆయనను పిలువు, దవాఖానకు పోవాలె. ఇప్పుడే."

"నిన్నటిదాకా నడువు నడువు అన్నావు, ఇవ్వాళ కదలొద్దంటావా?"

"నిన్నటిది యేరు. ఇది యేరు."

"హాలు నిండా జనం ఉన్నారు లింగమ్మా! ఇప్పుడు హాస్పిటల్ అంటే అంతా బయటపడుతుంది. వాళ్లు ఎల్లుండి పోతారు. అప్పటిదాకా ఆగుతాను. నువ్వు రుద్దకపోతే నేనే రుద్దుకుంటా." లేచి కూర్చుని కాలు మీదికి వంగింది.

లింగమ్మ ఆమె రెండు మణికట్లూ పట్టుకుంది. ఈ ఒక్క మాట చెప్పకుండా ఈ పిల్లను ఆపే దారి లేదు. చెబితే తన చేతి పేరు ఉంటుందో ఊడుతుందో తెలుసు. తెలిసే చెప్పింది.

"ఇను బిడ్డా. గరిడేపల్లిల నీల అని ఒక పిల్ల. పదేండ్ల కిందటి ముచ్చట. తొలుసూరు కాన్పు, ఆడపిల్ల. ఇంకా పురుడు మంచం మీదనే ఉన్నది. ఎడమ కాలే. గిట్లనే కాగింది, గిట్లనే మెరిసింది. వాళ్లమ్మ వెంకటనర్సమ్మ నరం పట్టిందన్నది. నేను ఆముదం కాగబెట్టి, పిక్కకాడికెల్లి తొడ దాక బలమంత పెట్టి ఎక్కదీసిన. 'హాయిగుంది పెద్దమ్మా' అన్నది. నేను చేతులు తుడుసుకునే లోపల్నే ఊపిరి ఎగపోసుడు మొదలైంది. ఆటో వచ్చేటాళ్లకు ఖతం."

ప్రవళిక దిండు మీదికి వెనక్కి వాలింది.

"గాలి సోకిందన్నరు. పుట్టిన పోరి నచ్చత్రం మంచిది కాదు, తల్లిని మింగిందన్నరు. నేను గూడ ఔనన్న. యాడాదికి సూర్యాపేట దవాఖానల ఒక నర్సమ్మ ఎవలికో చెప్తుంటె ఇన్న. గసొంటి కాలు రుద్దొద్దు, గడ్డకట్టిన నెత్తురు కదిలి రొమ్ములకు పోతది, మనిషి పాణం పోతదని. గా దినం తెలిసింది నాకు నీల ఎట్ల సచ్చిందో. ఈ చేతులే. ఎవ్వలకు చెప్పలె. ఊరిడిసి వచ్చిన. ఇప్పుడు నీకు చెప్తున్న, ఫోన్ పట్టు."

ప్రవళిక ఫోన్ తీసుకుంది. మొగుడికి చేయలేదు. కోదాడలో అన్న శివకుమార్‌కు చేసింది. "అన్నయ్యా, కారు తీసుకుని రా. ఎందుకని అడక్కు. రా."

కోదాడ నుంచి మిర్యాలగూడకు గంట పైన పడుతుంది. ఆ గంట ఎట్లా గడిచిందో లింగమ్మకే తెలుసు. అనసూయమ్మ లోపలికి వచ్చింది. హాల్లో చుట్టాలు వినకుండా పళ్ల సందున మాట్లాడింది.

"ఏందే, రుద్దకుంట ముచ్చట్లు పెట్టినవ్?"

"కాల్ల నెత్తురు గడ్డకట్టిందమ్మా. దవాఖానకు తోలాలె."

"నీకేమన్న ఎక్స్‌రే ఉన్నదా కండ్లల్ల? నరం పట్టుడు ఎరుగనా నేను? సుట్టాలు పోయినంక సూద్దాం. లే, నేను రుద్దుత."

నూనె గిన్నె అందుకుని మంచం దగ్గరికి వచ్చింది. లింగమ్మ ఒక్క దెబ్బ కొట్టింది. గిన్నె గోడకు తగిలి మోగింది. నూనె నేల మీద పారి, తలుపు కింద నుంచి హాల్లోకి పోయింది.

"నీకెంత బలుపే! నా ఇంట్ల, నా కోడలు!"

"నీ కోడలేనమ్మా. గీ కాలు మాత్రం నీకియ్య. నా మీదికెల్లి పో."

మంచానికి అడ్డంగా కూర్చుంది. అనసూయమ్మ కొట్టింది. రెండు దెబ్బలు చెంప మీద, ఒకటి వీపు మీద. లింగమ్మ లేవలేదు. నగేష్ మిల్లు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, తల్లిని ఒకసారి, పెళ్లాన్ని ఒకసారి చూసి, "సాయంత్రం సూద్దాం తియ్" అన్నాడు. ఎవరికి అన్నాడో ఎవరికీ తెలియదు.

శివకుమార్ వచ్చేసరికి ప్రవళికకు ఊపిరి చిన్నదైంది. రొమ్ములో సూది పొడిచినట్టుందని అంటోంది. మిల్లు నుంచి నలుగురు హమాలీలను పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, కాలు కదలకుండా హాలు మధ్య నుంచే మోసుకుపోయారు. "గ్యాస్ పట్టింది, గ్యాస్" అని అనసూయమ్మ చుట్టాలకు చెబుతోంది. ప్రవళిక కుర్చీలోంచి చెయ్యి చాపింది.

"అన్నయ్యా, తలగడ కింద కాగితం ఉంది. తీసుకో. గర్భసంచి కాదు. బరువు తగ్గడానికి పొట్ట కోయించుకున్నాను. డాక్టర్‌కు అదే చెప్పు."

హాల్లో ఒక్కరూ నవ్వలేదు.

సూర్యాపేటలో స్కాన్ తీశారు. పిక్క నుంచి మోకాలి పైదాకా గడ్డ. దాంట్లో చిన్న ముక్క అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఇంజెక్షన్ ఇచ్చి అంబులెన్సులో హైదరాబాదు పంపారు. తొమ్మిది రోజులు ఐసీయూ. బతికింది. ఎవరైనా ఈ కాలు రుద్దారా అని సూర్యాపేట డాక్టర్ మొట్టమొదట అడిగింది. లేదు, రుద్దనివ్వలేదు అని ప్రవళిక చెప్పింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.

కాలు సంగతి లింగమ్మకు ఎట్లా తెలిసిందో ప్రవళిక కారులో అన్నకు చెప్పింది. మంచికే చెప్పింది. శివకుమార్ హైదరాబాదులో బావను తిట్టేటప్పుడు ఆ మాట వాడాడు: "ఆమె పాపం తన తప్పు తానే చెప్పుకొని నా చెల్లెల్ని కాపాడింది, నువ్వేం చేశావురా?" నగేష్ ఆ మాట ఇంటికి మోసుకొచ్చి తల్లికి ఇచ్చాడు. అనసూయమ్మకు కావలసింది దొరికింది. తన అబద్ధం ఊరంతా తెలిసిన మనిషికి ఇంకొకరి నిజం దొరికితే ఊరుకుంటుందా? వారం తిరగకుండా మిర్యాలగూడలో మాట పాకింది. రుద్దే లింగమ్మ గరిడేపల్లిలో ఒక బాలింతను చంపి వచ్చిందట. ఇక్కడ మిల్లు వాళ్ల కోడలికి కూడా ఆమె చేతి వల్లే గడ్డ కట్టిందట.

మొదటిది నిజం, రెండోది అబద్ధం. ఊరు రెండింటినీ కలిపి ఒకటే ముద్ద చేసి మింగింది.

ఓనర్ల ఇళ్లు మూసుకున్నాయి. అది లింగమ్మ అనుకున్నదే. హమాలీ వెంకటేశం భార్య నిండు నెలలతో ఉంది. చూసి వద్దామని పోతే ఆమె గుమ్మంలోకి వచ్చి, పీట వేయకుండానే, "మా అమ్మ వస్తదంట అక్కా, ఆమె చేస్తదంట" అంది. వెంకటేశం తల్లి చచ్చి మూడేళ్లయింది, భార్య తల్లి అంతకు ముందే. లింగమ్మ వెనక్కి వచ్చింది. ఆ రోజు అన్నం వండుకోలేదు.

ఏప్రిల్‌లో ప్రవళిక కోదాడ పుట్టింటి నుంచి ఫోన్ చేసింది. తొంభై తొమ్మిదికి దిగిందట. కాలికి బిగుతు మేజోడు, రోజూ గోళీలు, చర్మం వేలాడుతోంది, నడుం నొప్పి.

"భుజాలు, వీపు రుద్దించుకోవచ్చని డాక్టర్ చెప్పింది లింగమ్మా. కాలు ముట్టుకోవద్దంది. ఇక్కడెవరికీ నీ చెయ్యి రాదు. మా ఇంట్లోనే ఉందువు గానీ, వచ్చేయ్."

లింగమ్మ రెండు చీరలు, నూనె సీసా మూటగట్టింది. తెల్లారి గదికి తాళం వేస్తుండగా వెనక ఎవరో నిలబడ్డారు.

వెంకటనర్సమ్మ. పదేళ్లలో సగానికి సగం అయిపోయింది. పక్కన బక్కపలచటి ఆడపిల్ల, రెండు జడలు, బడి గౌను. ఆ ముఖం ఎవరిదో లింగమ్మకు చెప్పక్కర్లేదు.

"గరిడేపల్లి దాక వచ్చింది మాట," అంది వెంకటనర్సమ్మ. "నిజమేనా?"

"నిజమే."

"నేను రుద్దమన్న. నువ్వు రుద్దినవ్. నాకు తెల్వది, నీకూ తెల్వది. ఆ పాపం ఇద్దరిది, సగం నేను మోస్త. గని యాడాదికి నీకు తెలిసింది గదా? తెలిసినంక ఎందుకు చెప్పలె?"

వెంకటనర్సమ్మ పిల్లను ముందుకు జరిపింది.

"దీని పేరు నవ్య. ఊర్ల ఆ పేరు ఎవ్వలకు తెల్వది. తల్లిని మింగినది అంటరు. బడిల గట్లనే పిలుస్తరు. పెండ్లికి పోతే ముంగటికి రానియ్యరు. వీళ్ల నాయిన సోమన్న దీని మొఖం సూడక ఇంకో పెండ్లి చేసుకొని పాయె. నేను గూడ అన్నా! కోపమొస్తే, నా నోటితోటి, నా మనుమరాలిని అన్న! నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే..."

ముసలిది గోడకు ఆనుకుంది. ఏడవలేదు. ఏడ్చేది ఎప్పుడో అయిపోయినట్టుంది.

లింగమ్మ నేల మీద కూలబడింది. పిల్ల ముఖానికి తన ముఖం సమానంగా వచ్చింది. "నువ్వు కాదు బిడ్డా. నేను."

నవ్య ఆమె చేతులకేసి చూసింది. ముఖంకేసి చూడలేదు.

"మా అమ్మ ఆఖరికి ఏమన్నది?"

"హాయిగుంది పెద్దమ్మా అన్నది."

"నన్ను గురించి?"

అబద్ధం చెప్పడం తేలిక. నిన్ను ముద్దు పెట్టుకుంది, నీ పేరు పిలిచింది అనొచ్చు. పదేళ్లుగా అబద్ధమే కదా నడిచింది.

"ఏమనలె బిడ్డా. టైం లేకపాయె."

పిల్ల తల ఊపింది.

"లే," అంది వెంకటనర్సమ్మ. "నాకు చెప్తే ఏం లాభం? గరిడేపల్లికి రా. బడికాడ చెప్పు, ఊర్ల నిలబడి చెప్పు, అందరి ముంగట. మా కులపోళ్లు కొడితే కొట్టనీ. దీన్ని ఇంకోసారి ఆ మాట అనొద్దు ఎవ్వలు."

లింగమ్మ లేచింది. తాళం తీసి, మూట గదిలో పడేసి, మళ్లీ తాళం వేసింది. ఫోన్ మోగుతోంది. కోదాడ నుంచే అయి ఉంటుంది. ఎత్తలేదు.

ముగ్గురూ బస్టాండు వైపు నడిచారు. నవ్య ముందు నడుస్తోంది. లింగమ్మ వస్తోందా లేదా అని ప్రతి పది అడుగులకూ వెనక్కి తిరిగి చూస్తోంది.